లూకా బిగింపు

మణుగూరులో సైకిలున్న వాడెవడూ లూకా చేత తిట్లు తినకుండా లేడు. గొలుసుకు నూనె చుక్క వెయ్యని వాణ్ణి తిట్టేవాడు. బ్రేకు రబ్బర్లు అరిగి ఇనుము తేలినా పట్టించుకోక, చెప్పు నేలకు రాసి బండి ఆపుకునే వాణ్ణి తిట్టేవాడు. పెళ్ళాన్ని వెనకా, ఇద్దరు పిల్లల్ని ముందూ ఎక్కించుకుని, అది చాలక గ్యాసు సిలిండరు కూడా తగిలించుకొచ్చి "చక్రం వంకర పోయింది, జర జూడు లూకన్నా" అనే వాణ్ణి చూస్తే అతనికి పూనకమే వచ్చేది. "వంకర పోయింది చక్రం గాదు, నీ బుద్ధి" అని ఎత్తుకుంటే, పని పూర్తయి, సైకిలు రోడ్డెక్కి, మలుపు తిరిగేదాకా ఆపేవాడు కాదు. అయినా జనం అతని దగ్గరికే వచ్చేవారు. లూకా బిగించింది ఊడదు మరి.

ఆ పేరు ఊరికే రాలేదు. పెనుబల్లి దగ్గర పల్లెలో పుట్టినవాడు, బొగ్గు బాయిలో పని దొరుకుతుందని పంతొమ్మిదో ఏట మణుగూరు వచ్చాడు. డాక్టరు పరీక్షలో ఒక కన్ను సరిగా ఆనడం లేదని తేలింది. పొమ్మన్నారు. ఇంటికి పోవడానికి మొహం చెల్లక, బస్టాండు రోడ్డులో నాలుగు రేకుల నీడన స్పానరు పట్టుకుని కూర్చున్నాడు. ఇరవై ఏడేళ్ళుగా అక్కడే కూర్చున్నాడు. అతని దగ్గరికి వచ్చేవి పట్నం రోడ్ల మీద షోకుగా తిరిగే సైకిళ్ళు కావు. బాయి పనికి పోయేవాళ్ళవి, అడవిలోంచి వెదురు మోపులు మోసుకొచ్చేవి, సంతకు ఇప్పపువ్వు బస్తాలు తెచ్చేవి. ఆ రాళ్ళ బాటల్లో ప్రతి నట్టూ వదులవుతుంది. నడి అడవిలో పెడల్ ఊడితే మనిషి మూతి పళ్ళు రాలతాయి. అందుకని మిగతా మేస్త్రీలు చాల్లే అనుకున్న చోట లూకా ఇంకో అర చుట్టు తిప్పేవాడు. పళ్ళు బిగబట్టి, మెడ నరాలు తేలేలా తిప్పేవాడు. దాన్నే జనం లూకా బిగింపు అన్నారు. ఆ మాట చెవిన పడినప్పుడు మాత్రం అతని కోపం కాసేపు దిగేది.

ఖరీదైన సామాను పేరెత్తితే మాత్రం మళ్ళీ ఎక్కేది. పట్నం నుంచి ఎవరైనా మెరిసే డబ్బాలో బెల్లో బ్రేకో తెచ్చి చూపించారా, అయిపోయారన్నమాటే. "ఇనుము ఇనుమే. దాని మీద పేరు అచ్చేసినోడికి పైసలు పెడ్తున్నవు, గంతే" అనేవాడు. సగం సార్లు ఆ మాట నిజం కూడా. అదే వచ్చిన చిక్కు.

లూకా చేత తిట్లు తినని మనిషి ఊరు మొత్తం మీద ఒక్క అరుణశ్రీ. పక్కింటి చందర్ కూతురు. చందర్ బొగ్గు బాయి కార్మికుడు, నోట్లో నాలుక లేని మనిషి. లూకాను బావా అంటాడు కాబట్టి ఆ పిల్లకు అతను మామ. వీళ్ళు చర్చికి పోతారు, వాళ్ళు బోనాలు ఎత్తుతారు. వరసకు మాత్రం అదేమీ అడ్డం రాలేదు. లూకాకూ అతని భార్య ఫ్లోరెన్సుకూ పిల్లలు లేరు. అరుణశ్రీకి సైకిలు నేర్పింది లూకాయే. లావు టైర్ల గేరు సైకిలొకటి ఎవరో వాడి వదిలేసింది హైదరాబాదు నుంచి తెప్పించి, మొత్తం విప్పి మళ్ళీ కట్టి ఇచ్చింది కూడా అతనే. గుట్టలెక్కేటప్పుడు పాదం జారకుండా పెడళ్ళకు పాత లారీ ట్యూబు కోసి పట్టీలు కుట్టాడు. ఆ పట్టీల్లో కాళ్ళు దూర్చి, ఆ పిల్ల జిల్లా పందెంలో రెండోదిగా వచ్చింది.

అది 2007 నవంబరు. రాష్ట్ర జూనియర్ జట్టుకు అడవి బాటల సైకిలు పందెం పెట్టి పిల్లల్ని ఏరుతారని కబురొచ్చింది. భద్రాచలం నుంచి పర్ణశాల వైపు పోయే అడవి దారిలో పందెం. అరుణశ్రీ అప్పుడు ఇంటరు రెండో ఏడు. జట్టులో చోటు దొరికితే సర్టిఫికెట్టు వస్తుంది, ఆ సర్టిఫికెట్టుతో ఆటల కోటాలో పీఈటీ కోర్సు సీటు వస్తుంది. బడిలో ఆటలు నేర్పే టీచరమ్మ కావాలని ఆ పిల్ల ఆశ. చందర్ సంపాదనకు డబ్బు కట్టి చేర్చే కాలేజీల మాట కల్ల. మార్చి వస్తే పిల్లకు పద్దెనిమిది నిండుతాయి, నిండితే జూనియర్ కాదు. ఉన్నది ఈ ఒక్క పందెమే.

పిల్లల్ని ఏరే పెద్దమనిషి పేరు క్రాంతికుమార్. అతను ముందుగా ఊళ్ళు తిరిగి పిల్లల్నీ సైకిళ్ళనూ చూసి పోయేవాడు. మణుగూరు వచ్చి అరుణశ్రీ తొక్కడం చూసి తల ఊపాడు. తర్వాత వంగి పెడళ్ళు చూసి నవ్వాడు.

"ఏంటమ్మా ఇది? ఎద్దుకు పలుపు కట్టినట్టు కట్టారు!"

పలుపు కట్టిన మనిషి అక్కడే, మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

క్రాంతికుమార్ తన సంచిలోంచి ఒక బూటు తీసి చూపించాడు. బూటు అడుగున బొటనవేలంత ఇనుప ముక్క. అది పెడల్లోకి టక్కున దిగి లాకైపోతుంది. ఇక కాలు కిందికి తొక్కినా బండి సాగుతుంది, పైకి లాగినా సాగుతుంది. దిగాలంటే మడమ పక్కకు తిప్పాలి, లాకు వదిలేస్తుంది. "గుట్ట ఎక్కేటప్పుడు తేడా మీకే తెలుస్తుంది. హైదరాబాదు పిల్లలందరికీ ఇవే ఉన్నాయి. కొంటే మాత్రం మంచివి కొనండి, నాసిరకం వద్దు" అని ధర చెప్పాడు. ఆ ధర అరుణశ్రీ సైకిలు మొత్తం ధర కన్నా ఎక్కువ.

అతను వెళ్ళాక లూకా మొదలుపెట్టాడు. "కాళ్ళకు తాళమేస్కొని సైకిల్ తొక్కుడేంది? రేపు వీళ్ళు చేతులకు బేడీలు గూడ ఏయమంటరు. రెండు పెడళ్ళకు గన్ని పైసలా? నా దుకాణం మొత్తం అమ్మినా రావు గన్ని!" అంటూ ఆ సాయంత్రం దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ వినిపించాడు. చందర్ అన్నీ విని, పండక్కి వచ్చిన బోనసు డబ్బు తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"నువ్వే పోయి తీస్కరా బావా. నీకెరుకైనంత నాకెరుక గాదు. సారు చెప్పిన రకమే తే."

ఖమ్మంలో కిషన్‌లాల్ దుకాణం ఆ జిల్లాలో సైకిలు సామానుకు పెద్ద దుకాణం. కిషన్‌లాల్ రెండు డబ్బాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి క్రాంతికుమార్ చెప్పిన రకం, రెండోది అచ్చం దానిలాగే ఉన్నది, ధరలో మూడో వంతు. లూకా రెండింటినీ తిప్పి తిప్పి చూశాడు. గోటితో గీకి చూశాడు. ఒకే ఇనుము, ఒకే స్ప్రింగు, ఒకే వాటం.

"ఏంది తేడా?"

"నేను అమ్మేటోన్ని, నాకు రెండు ఒక్కటే. అడిగినవు గాబట్టి చెప్తున్న" అన్నాడు కిషన్‌లాల్. "ఎక్కువ పైసలు పట్టుకునేతందుకు గాదు లూకా భాయ్, ఇడిచేతందుకు. మంచిదాంట్ల బురద వడ్డా, ఇసుక వడ్డా, మడమ తిప్పితే ఇడుస్తది. ఈ సస్తాది గూడ మంచిగనే పట్టుకుంటది. ఇడిచేకాడనే తకరారు."

లూకా పెద్దగా నవ్వాడు. "పట్టుకునుడు సామాను పని. ఇడుసుడు మనిషి పని. దానికి పైసలేంది?" అని చౌకరకమే కట్టించుకున్నాడు. బూట్లు కూడా తీసుకున్నాడు. కిషన్‌లాల్ డబ్బా మూత తెరిచి మడత కాయితం చూపించాడు. "ఇండ్ల రాసి ఉంది ఎట్ల బిగించాల్నో. ఇంగ్లీషు వచ్చినోళ్ళతోని చదివిచ్చుకో." బిగించడం గురించి లూకాకు ఒకడు కాయితం ఇవ్వడం! ఇంటికొచ్చాక ఆ కాయితంతోనే చేతుల గ్రీజు తుడుచుకుని అవతల పారేశాడు.

మిగిలిన డబ్బు దుకాణం ముందు నలుగురి ఎదుటా చందర్ చేతిలో పెట్టాడు. "ఆ సారు మాట ఇంటే మునిగేటోనివి. గదే సామాను, పేరు ఒక్కటే వేరు" అన్నాడు. చందర్ దండం పెట్టినంత పని చేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు మేస్త్రి అంటే లూకాయే అన్నారు. పందెం దాకా ఆ మాటలు అతన్ని నేల మీద నిలవనీయలేదు.

ఇక బిగింపు. పెడల్ వెనక భాగంలో చిన్న మర ఒకటి ఉంది. చూస్తే సగం వదులుగా ఉంది. లూకా చేతులు ఇరవై ఏడేళ్ళుగా వదులుగా ఉన్నదాన్ని చూసి ఊరుకున్న చేతులు కావు. చివరిదాకా తిప్పాడు. అక్కడ ఆగితే లూకా ఎందుకవుతాడు? ఇంకో అర చుట్టు తిప్పాడు. ఆ మర పెడల్‌ను సైకిలుకు పట్టి ఉంచేది కాదు. లాకు కాలిని ఎంత గట్టిగా పట్టుకోవాలో చెప్పేది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు అది వదులుగానే ఉండాలి. ఆ సంగతి కాయితంలో ఉంది. కాయితం చెత్తకుప్పలో ఉంది.

అరుణశ్రీ నాలుగు రోజులు ఇంటి ముందు రోడ్డు మీద అలవాటు చేసుకుంది. గుట్ట ఎక్కడంలో క్రాంతికుమార్ మాట అబద్ధం కాలేదు, బండి పైకి ఎగదోసుకుపోతోంది. దిగడానికి మాత్రం గోడ పట్టుకుని, మూడు నాలుగు సార్లు గుంజితే గాని కాలు రావడం లేదు. ఐదో రోజు పొద్దున్నే దుకాణానికి వచ్చింది. ఫ్లోరెన్సు అప్పుడే మొగుడికి చాయ్ తెచ్చి నిలబడి ఉంది.

"మామా, ఎడమ కాలు రాట్లే. ఊకె గుంజాల్సొస్తుంది. జర వదులు చెయ్యరాదే" అంది పిల్ల.

లూకా ఆ పిల్లను తిట్టడం అదే మొదలు. "ఇరవై ఏడేండ్లల్ల లూకా బిగించింది వదులు చెయ్యమన్నోడు లేడు! నిన్న మొన్న స్పానరు చూసినదానివి, నువ్వు నాకు చెప్తవా? మర మంచిగనే ఉంది, తప్పు నీ కాల్ల ఉంది. భయపడ్తున్నవు. పందెం మూడొద్దులుండంగ గీ ఏషాలేంది? పో, తొక్కు పో!"

అరుణశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయింది. మామ చెప్పాడంటే అదే నిజమై ఉంటుందని ఆ పిల్ల నమ్మింది. చిన్నప్పటి నుంచి నమ్మినట్టే నమ్మింది.

పందెం రోజు లూకా దారి మధ్యలో వాగు దగ్గర నిలబడ్డాడు. పదకొండు మంది ఆడపిల్లలు. ఒడ్డు దిగి, మోకాలి లోతు నీళ్ళు, ఇసుక దాటి అవతల ఎక్కాలి. మొదటి ఇద్దరూ నీళ్ళలో కాళ్ళు దించి, సైకిళ్ళు తోసుకుంటూ దాటారు. మూడోది అరుణశ్రీ. ముగ్గురిని తీసుకుంటామని ముందే చెప్పారు. లూకా గొంతు చించుకుని అరిచాడు. పిల్ల ఒడ్డు దిగి నీళ్ళలోకి వచ్చింది. ముందు చక్రం రాయికి తగిలి ఆగిపోయింది. కాలు దించబోయింది. మడమ తిప్పింది, రాలేదు. మళ్ళీ తిప్పింది. సైకిలు ఎడమ పక్కకు ఒరుగుతుంటే ఆ పిల్ల మొహం ఎలా ఉందో లూకా చూశాడు. పడిపోయింది. కాలు పెడల్లోనే ఉండిపోయి, దాని మీద సైకిలూ మనిషీ కలిసి పడ్డారు. వెదురు విరిగినట్టు చప్పుడైంది.

లూకా నీళ్ళలోకి దూకాడు. బూటు పట్టుకుని తిప్పాడు, గుంజాడు. రాలేదు. తను బిగించిన లాకు తనకే లొంగలేదు. చివరికి జేబులోని కత్తితో బూటు తాళ్ళు కోసి, పాదాన్ని బూటులోంచి బయటికి లాగాడు. బూటు పెడల్‌కే అతుక్కుని ఉండిపోయింది.

క్రాంతికుమార్ రొప్పుకుంటూ వచ్చాడు. "ఏమైందమ్మా? లాకు పట్టేసిందా?"

అరుణశ్రీ పళ్ళ బిగువున నొప్పి ఆపుకుంటూ ఒకసారి మామ వైపు చూసింది. లూకా తల దించి, కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"లేదు సార్. నేనే మడమ తిప్పుడు మర్శిపోయిన."

క్రాంతికుమార్ పుస్తకంలో అదే రాసుకున్నాడు.

మడమ పైన ఎముక విరిగింది. భద్రాచలం దవాఖానాలో కట్టు కట్టి, ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు. పది రోజులయ్యాక చందర్ ఫోను బూత్ నుంచి సరాసరి దుకాణానికి వచ్చాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"సారుతోని మాట్లాడిన బావా. సామాను కరాబై పడ్డోళ్ళకు ఫిబ్రవరి ఆఖర్ల ఇంకోసారి పెడ్తరంట. సొంత తప్పుతోని పడ్డోళ్ళకు లేదంట. మనది సొంత తప్పని రాసుకున్నరంట." తర్వాత, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు, "నువ్వు మంచిగనే బిగిస్తివి. పిల్ల రాత గట్ల ఉంది, ఏం జేస్తం."

చెప్పెయ్యడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. లూకా నోరు తెరిచాడు. "గట్లనా" అన్నాడు. అంతే.

ఎలాంటి మనిషి! వదులు నట్టుకు ఊరందరినీ తిట్టిపోసేవాడు, తన తప్పు దగ్గరికొచ్చేసరికి నోటికి తాళం వేసుకున్నాడు. ఒప్పుకుంటే ఏం పోతుంది? పేరు పోతుంది. కన్ను ఆనదని బాయి వాళ్ళు పొమ్మన్నాక అతనికి మిగిలింది ఆ పేరొక్కటే. దాన్ని పట్టుకుని వేలాడాడు. ఇక కోపమంతా ఊరి మీద పడింది. కిషన్‌లాల్ మీద, క్రాంతికుమార్ మీద, పందేనికి వాగు తప్ప దారి దొరకనివాళ్ళ మీద, చివరికి వాగులో రాయి మీద. ఆడలేక మద్దెల ఓడన్నట్టు రోజుకొకరిని పట్టుకుని తిట్టాడు. అరుణశ్రీ సైకిలు మాత్రం ముట్టుకోలేదు. వాగు ఇసుకతో, పెడల్‌కు ఇరుక్కున్న బూటుతో అలాగే తెచ్చి, గోనెపట్టా కప్పి మూలన పెట్టాడు. ఎవరైనా ఆ పట్టా వైపు చూస్తే మీద పడి కరిచినంత పని చేసేవాడు.

క్రిస్మస్ పోయిన వారానికి ఒక మధ్యాహ్నం అన్నం దగ్గర కూరలో ఉప్పు తక్కువైందని ఫ్లోరెన్సు మీద ఎగిరాడు. ఆమె గరిటె కింద పెట్టింది.

"నీ కోపం కూర మీద గాదు, నాకెరుకే. ఆ పొద్దు నేను చాయ్ పట్కొని ఆడ్నే ఉన్న. నా చెవులు మంచిగనే ఉన్నయ్. పిల్ల వదులు చెయ్యమన్నది. నువ్వు పొమ్మన్నవు."

"ఏయ్, నోర్మూయ్!"

"నెల రోజులు మూసినా. నువ్వే చెప్తవేమోనని చూసిన. ప్రతి ఆదివారం చర్చిల మోకాళ్ళ మీద కూసుంటవు గదా, ఏమని అడుగుతున్నవు ఆడ? పిల్ల నీ కోసం అబద్ధమాడింది. నువ్వు దాని మీద కూసొని బువ్వ తింటున్నవు."

లూకా కంచం విసిరికొట్టబోయాడు. చెయ్యి లేచింది గాని కంచం వదల్లేదు. మెల్లగా కింద పెట్టి, ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోకుండా చందర్ ఇంటికి నడిచాడు. చందర్ వాకిట్లో కూర్చుని ఉన్నాడు. అరుణశ్రీ లోపల మంచం మీద, కాలు దిండెక్కించి చదువుకుంటోంది. లూకాకు తెలిసిన గొంతు ఒక్కటే, తిట్టే గొంతు. ఆ గొంతుతోనే చెప్పాడు.

"చందర్, నీ బిడ్డ తప్పు లేదు! మర నేనే ఎక్కువ బిగించిన. పిల్ల వచ్చి కాలు రాట్లేదు మామా అని చెప్పింది. నేనే తిట్టి పంపించిన. సారు చెప్పిన రకం గాక చౌకది తెచ్చింది నేను, కాయితం పారేసింది నేను. నాకోసం పిల్ల అబద్ధం చెప్తే ఇన్నొద్దులు నోర్మూస్కొని కూసున్నది గూడ నేనే!"

చందర్ తిడతాడని, కొడతాడని లూకా ఎదురుచూశాడు. కొట్టినా బాగుండేది. చందర్ లేచి కండువా దులుపుకున్నాడు.

"నాకు చెప్తే ఏమొస్తది? ఆ సారుకు చెప్పు. పిల్లను తోల్కపో, సైకిల్ తీస్కపో. నేను రాను. నీ మొకం జూస్కుంట గన్ని గంటలు బస్సుల కూసోలేను." బావా అన్న పిలుపు ఆ మాటల్లో ఎక్కడా లేదు.

కట్టు విప్పించిన వారం, జనవరిలో, లూకా సైకిలును బస్సు మీద కట్టించి, చేతికర్రతో నడుస్తున్న అరుణశ్రీని తీసుకుని ఖమ్మం వెళ్ళాడు. మైదానంలో క్రాంతికుమార్ పిల్లల చేత పరుగులు తీయిస్తున్నాడు. అంతా విని నమ్మనట్టు చూశాడు.

"ఆరోజు అమ్మాయే చెప్పింది కదండీ, తనే మర్చిపోయానని. ఇప్పుడు మళ్ళీ అవకాశం కోసం మాట మారిస్తే నేనేం చెయ్యను? రేపు ప్రతివాళ్ళూ మేస్త్రిని వెంటబెట్టుకొస్తారు."

లూకాకు కోపం నషాళానికి అంటింది. గోనెపట్టా లాగి పారేశాడు. "మాటలు నమ్మకు సార్. ఇగో, బూటు ఆపొద్దు నుంచి గిట్లనే ఉంది. నువ్వు సదువుకున్నోనివి, కసరత్తు చేసినోనివి. తియ్యి. మడమ కాడ పట్కొని తిప్పి తియ్యి జూద్దాం!"

పిల్లలంతా చుట్టూ మూగారు. లూకా సైకిలును రెండు కాళ్ళ మధ్య బిగించి పట్టుకున్నాడు. క్రాంతికుమార్ బూటు పట్టుకుని ఒక చేత్తో తిప్పాడు. రాలేదు. రెండు చేతులూ వేశాడు. సైకిలు కదిలింది, లూకా ఊగాడు, బూటు కదల్లేదు. క్రాంతికుమార్ వంగి మర వైపు చూశాడు. దాని గుంటలో వాగు ఇసుక ఎండి గట్టిపడి ఉంది. పిన్నీసుతో గీకితే రాలింది. అప్పటి నుంచి దాన్ని ఎవరూ ముట్టలేదని అతనికి తెలిసింది. ఇసుక తీసి, ఆ గుంటలో పట్టే చిన్న స్పానరుతో మరను వెనక్కి తిప్పాడు. ఒకటి, రెండు, మూడు చుట్లు. బూటు మడమ పట్టి మెల్లగా తిప్పితే వచ్చి చేతిలో పడింది.

"మంచి రకమైతే ఇసుకలో కూడా ఇంత మొరాయించదు. అయినా ఇది కూడా వదులుగా పెట్టి ఉంటే కాలు విరిగేది కాదేమో" అన్నాడు. తర్వాత తల ఎత్తి, "చివరిదాకా ఎందుకు బిగించారు మీరు?" అని అడిగాడు.

పదిహేను మంది పిల్లలు చూస్తున్నారు. అరుణశ్రీ చూస్తోంది. లూకా నోటి దాకా ఏవేవో వచ్చాయి. కిషన్‌లాల్ పేరు వచ్చింది, ఇంగ్లీషు కాయితం వచ్చింది, అడవి బాటలు వచ్చాయి. అన్నిటినీ మింగాడు.

"నాకు తెల్వక సార్."

క్రాంతికుమార్ పుస్తకం తెరిచి పాత వాక్యం కొట్టేసి, సామాను లోపం అని రాశాడు. పక్కన లూకా చేత సంతకం పెట్టించాడు. ఫిబ్రవరి చివరి ఆదివారం రమ్మన్నాడు, కాలు నిలిస్తేనే తొక్కాలన్నాడు, తొక్కవచ్చని డాక్టరు కాయితం తెమ్మన్నాడు. అరుణశ్రీ తల ఊపింది. నవ్వలేదు.

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కొత్తగూడెం దాటి అడవి మొదలైంది. లూకా లోపల లోపల ఎదురుచూస్తున్నాడు. అంత మందిలో తల దించుకున్నాడు, పేరు మట్టిలో కలుపుకున్నాడు. పిల్ల ఒక్క మంచి మాట అంటుందని అతని ఆశ. అనకపోయేసరికి మెల్లగా కోపం కూడా రాబోయింది.

"ఏం బిడ్డా, మాట్లాడవేంది? అయిపోయింది గదా, మల్ల తొక్కుతవు."

అరుణశ్రీ అతని వైపు తిరిగింది. ఆ పిల్ల మొహంలో అంత కోపం ఉంటుందని లూకా ఏనాడూ అనుకోలేదు.

"ఇప్పుడన్నవు గద మామా, నాకు తెల్వదని. ఆ మాట నేను అడిగిన పొద్దే అనుంటే నా కాలు ఇరిగేది గాదు."

అని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మణుగూరు ఇంకా గంటన్నర దూరం ఉంది.